వాగుడుకాయ నోరు మెదపని పూట

వీధి వీధంతా ఆయన్ను వాగుడుకాయ అనేది. సెలూన్‌లో ఆయన కత్తెర కన్నా నోరే జోరు. అలాంటి మనిషి ఆ పొద్దున ఉలుకూ పలుకూ లేకుండా పంతులుగారి మీసం ఒకవైపు తీసేసి, రెండోవైపు సంగతి మరిచి కూలబడ్డాడు.

"మన స్టేషన్ వచ్చిందా?" అని రైల్లో ఉన్నట్టు అడిగాడట.

పంతులుగారు సగం మీసంతోనే ఆయన్ను ఆసుపత్రికి చేర్చి, ఇంటికి ఫోన్ చేశారు. భార్య తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పరుగెత్తింది.

"పక్షవాతమా డాక్టరమ్మా?"

"కాదండీ. రక్తంలో సోడియం బాగా పడిపోయింది. ఉప్పులో ఉండేదే. బీపీకి ఏం వాడుతున్నారు?"

ఆమె మాత్రలు చూపించింది. అవి ఒంట్లోని ఉప్పును మూత్రంలో పంపేసే రకం. ఆ పైన ఎవరో మంచిదన్నారని ఆయన ఈమధ్య చప్పిడి తిండి తింటూ, కడుపు పట్టనన్ని నీళ్లు తాగుతున్నాడు.

"ఓస్, ఇంతేనా! గుప్పెడు ఉప్పు కలిపి తాగించేస్తే పోలా?" అన్నాడు తమ్ముడు.

"అమ్మో, ఆ పని చెయ్యకండి! మెల్లగా పడిపోయింది, మెల్లగానే పెరగాలి. ఒక్కసారి పెంచితే మెదడు దెబ్బతింటుంది."

డాక్టరమ్మ ఆ మాత్ర ఆపేసింది. చిక్కటి ఉప్పు సెలైన్ కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, మధ్యమధ్య రక్తం తీయించి చూసింది. "నీళ్లు నేను చెప్పినంతే ఇవ్వాలి. కాపలా మీదే," అంది భార్యతో.

మర్నాటికి ఆయన కళ్లు తేటపడ్డాయి. వెంటే దాహమూ మొదలైంది.

"ఒసేయ్, ఒక్క గుక్కే!"

"కుదరదు."

"మొగుడి గొంతు ఎండిపోతున్నా జాలి లేదు కదే నీకు!"

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తడిగుడ్డతో ఆయన పెదవులు అద్ది, ఆ గుడ్డ ఉతుక్కుని వచ్చేలోగా ఆయన పక్క మంచం ముసలావిణ్ణి బుట్టలో వేసేశాడు.

"అత్తయ్యా, నా తల్లివి కదూ, ఆ గ్లాసు ఇటు..."

భార్య ఒక్క అంగలో వచ్చి గ్లాసు లాగేసుకుంది. ఆయన మూతి ముడుచుకుని గోడవైపు తిరిగాడు.

సాయంత్రం డాక్టరమ్మ కొత్త రిపోర్టు చూసి తలూపింది. "అనుకున్నట్టే పెరుగుతోంది. ఇక భయం లేదు. బీపీకి వేరే మాత్ర రాస్తాను."

గోడవైపు నుంచి ఆయన ఇటు తిరిగాడు. భార్య ముఖం తేరిపార చూశాడు.

"నిన్నటి నుంచి ఏమన్నా తిన్నావా నువ్వు?"

అప్పుడు తెలిసింది ఆమెకు, తనకు నకనకలాడే ఆకలి వేస్తోందని. తమ్ముణ్ణి కాపలా కూర్చోబెట్టి, చెంగుతో కళ్లు తుడుచుకుంటూ క్యాంటీన్‌కు నడిచింది.