బుడ్డి కొట్టిన మేకు

రంగుల మేస్త్రి పనితనం గురించి రెండో మాట లేదు. ఆయన లప్పం పెట్టిన గోడమీద ఈగ వాలినా జారిపడాల్సిందే అని తోటి పనివాళ్లు నవ్వేవాళ్లు. కానీ సొంతింటి ముందుగది గోడను పద్దెనిమిదేళ్లుగా ముట్టుకోలేదు. ముట్టుకోనిస్తేగా ఆ ఇల్లాలు!

అది బుడ్డి గోడ. తొమ్మిదేళ్లకే జ్వరమొచ్చి పోయిన ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్ల సామానంతా అక్కడే ఉండేది: జడ రిబ్బన్లు, పరుగుపందెం పతకం, ఒంటికాలి బొమ్మ, కనబడ్డవాళ్లనల్లా అడిగి పోగేసిన చొక్కా గుండీల దండ. చూపు మందగించాక కూడా తల్లి రోజూ పొద్దున్నే గోడ తడుముతూ ఒక్కొక్కదాన్నీ పలకరించేది.

కంటి ఆపరేషనుకని ఆవిడ చెల్లెల్ని తోడు తీసుకుని వెళ్లి, ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంది. చూపొస్తే ముందు చూసేది ఆ గోడనే కదా, మెరిసిపోవాలనుకున్నాడు మేస్త్రి. వెర్రి మనిషి! అన్నీ దించి మేకులు పీకాడు. నలభై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? కంటబడ్డ కన్నమల్లా లప్పంతో పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, లేత పసుపు వేశాడు. ఆరాక దారం లాగి అన్నిటినీ ఒకే వరసలో తగిలించాడు.

మంచికి పోతే చెడు ఎదురైందంటారే, అలా అయింది. చూపు రాలేదు.

ఇంటికొస్తూనే ఆవిడ గోడ దగ్గరికి వెళ్లి తడిమింది. "ఇదెవరి గోడయ్యా?"

"మనదేనే. రంగేశాను. అన్నీ ఉన్నాయి, చూడు..." అనేసి నాలుక్కరుచుకున్నాడు.

ఆవిడ వంగి నడుమెత్తున వెతికింది. "గుండీల దండేది?"

"పైన, పతకం పక్కన. వరసగా ఉంటుందని."

"దాని మేకు బుడ్డి కొట్టుకుంది. వంకరగా. గోడ పాడుచేశావని నువ్వు కేకలేశావు. వారం తిరక్కుండా పోయింది పిల్ల. పీకేశావా?"

"పీకేశా."

"కన్నమైనా ఉంచలేదా?"

ఆవిడ గోడకి నుదురానించి వెక్కివెక్కి ఏడ్చింది.

మేస్త్రి లప్పం రేకు తెచ్చుకుని కింద కూర్చున్నాడు. నడుమెత్తున ఒక మూల నుంచి గీకడం మొదలెట్టాడు. ఎక్కడ పూడ్చాడో తనకే తెలియడంలేదు, అంత నున్నగా చేశాడు మహానుభావుడు. "పాడు చెయ్యి" అని తిట్టుకుంటూ గీకాడు. మెరిసే గోడ పెచ్చులు పెచ్చులుగా ఊడింది. పొద్దు వాలే వేళకి శనగగింజంత లప్పం ముద్ద రాలిపడింది. దాని వెనక కన్నం.

ఆయన ఆవిడ వేలు పట్టుకుని అక్కడ పెట్టాడు.

"ఇదే. పక్కకి వంగి ఉంది," అందావిడ. వేలు తియ్యలేదు.

"మేకు కొట్టనా?"

"వద్దయ్యా. నువ్వు తిన్నగా కొడతావు."