మొరగని షేరు

ఎర్రన్న తన కుక్క మెడకు కరెంటు కట్టాడని మొదట చెప్పింది పక్క చేను బసవమ్మ. బసవమ్మ వాళ్లది ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం. "బటన్ నొక్కితే చాలంట, కుక్క నోరు టక్కున పడిపోద్దంట. మా ఆయనక్కూడా ఒకటి తెప్పించాలి" అని బోధన్ బస్సులో పదిమందీ వినేలా అందట. పక్క సీటులో కూర్చున్న సుమన ఆ మాటను ఎడపల్లి దాకా చల్లారకుండా మోసుకొచ్చి, "నిజమేనా అక్కా?" అని ఎర్రన్న భార్య భాగ్యలక్ష్మిని అడిగింది.

భాగ్యలక్ష్మి మొగుడి వైపు చూసింది.

"కరెంటు ఏడిది? చీమ కుట్టినట్టు ఉంటది, గంతే" అన్నాడు ఎర్రన్న.

"నీకు కుట్టిందా?" అంది ఆమె.

ఎర్రన్న చెప్పులు తొడుక్కుని చేను దారి పట్టాడు.

అతని బాధ అతనిది. చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి ముఠాలు వస్తాయి. పిల్లాజెల్లాతో చేను పక్కనే గుడిసెలు వేసుకుంటాయి. పోయినేడు అతని కుక్క షేరు ఆ ముఠాను కాలు పెట్టనివ్వలేదు. కత్తి పట్టుకున్న ప్రతి మనిషినీ చూసి గొంతు పగిలేలా మొరిగింది. గొలుసు వేస్తే పగలూ రాత్రీ ఏడ్చింది. మేస్త్రీ బాపురావు రెండు రోజులు చూసి, "దాదా, పిల్లలు బెదురుతున్నరు" అని గుడిసెలు పీకి రుద్రూర్ వైపు వెళ్లిపోయాడు. ఎర్రన్న చెరుకు ఎండల దాకా నిలబడి బెండులా తేలికైపోయింది. ఈ ఏడూ అదే జరిగితే చెరుకు దున్నేసి వరి వేసుకోవడం తప్ప గతి లేదు.

కుక్కను వదిలేద్దామంటే మనసు రాలేదు. నిజామాబాద్ పసుపు యార్డులో బస్తాల నడుమ కుయ్ కుయ్ మంటుంటే అంగీలో వేసుకుని తెచ్చిన కుక్క అది. పందుల మంద చేలో పడితే ఒక్కటే తరిమేది.

అప్పుడే నిజామాబాద్‌లో సెల్లు దుకాణం నడిపే బామ్మర్ది శ్రావణ్ ఈ మెడ పట్టీ తెప్పించి ఇచ్చాడు. నల్లటి పట్టీ, లోపలి వైపు రెండు ఇనుప మొనలు, జేబులో పట్టే రిమోట్. "మొరిగినప్పుడల్లా నొక్కు బావా. దానంతటదే సమజైతది" అన్నాడు.

ఈసారి బాపురావు ముఠా మళ్లీ దిగగానే ఎర్రన్న గట్టు మీద కూర్చున్నాడు. గుడిసె ఆడవాళ్లు బిందెలతో వస్తే షేరు మొరిగింది. నొక్కాడు. అది గాలిలోకి ఎగిరి, ఎవరు కొట్టారో తెలియక చుట్టూ తిరిగి, చివరికి ఎదురుగా కనిపిస్తున్న ఆ ఆడవాళ్లనే చూసింది. మళ్లీ మొరిగింది. మళ్లీ నొక్కాడు. ఎర్రన్న నొక్కుతున్నాడన్న సంగతి దానికేం తెలుసు? ఆ మనుషులు రావడం, మెడలో సురుక్కుమనడం. దానికి తెలిసిన లెక్క అంతే.

వారం తిరగక ముందే షేరు నోరు పడిపోయింది. ముఠా ఎదుట నుంచి నడిచినా బోరు గది గోడకు ఆనుకుని పడుకునేది. బాపురావు నవ్వి, "ఏం మంత్రం ఏసినవ్ ఎర్రన్నా?" అన్నాడు. ఎర్రన్న మీసం దువ్వుకున్నాడు.

సద్ది తెచ్చిన భాగ్యలక్ష్మి మాత్రం, "అది పండుకోలేదయ్యా. గాళ్లు కనవడంగనే మెడ మీది ఎంటికలు లేస్తున్నయ్, సూడు" అంది.

"మొరుగుతలేదు గదా" అన్నాడు అతను.

కోత సగానికి వచ్చింది. ఆ మధ్యాహ్నం బాపురావు నీళ్ల కోసం బోరు గది దగ్గరికి వచ్చి వంగాడు. షేరు లేచింది. ఎర్రన్న గట్టు మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. రిమోట్ జేబులోనే ఉంది. కానీ అరుపు వింటే నొక్కడం అలవాటైన చేయి, అరుపు లేదు కాబట్టి కదలలేదు. చప్పుడు లేకుండా నాలుగు అంగల్లో వెళ్లి, మనిషి పిక్కను పట్టుకుంది షేరు. బాపురావు కేక వేశాకే ఎర్రన్నకు జేబు గుర్తొచ్చింది. నొక్కాడు. నొక్కిన కొద్దీ అది పళ్లు ఇంకా బిగించింది. చివరికి పార కట్టె నోట్లో దూర్చి విడిపించారు.

ఆటోలో బోధన్ ఆసుపత్రికి తీసుకుపోయి, కుట్లూ సూదులూ వేయించి పొద్దు వాలేసరికి తిరిగొచ్చారు. అప్పటికే గుడిసెల మీది తాటిపత్రీ పట్టాలు దించేస్తున్నారు. నిలబడిన సగం చెరుకు గాలికి గలగలమంటోంది. షేరును వేపచెట్టుకు కట్టేశారు. మనుషులు అటు నడిచినప్పుడల్లా అది నేలకు అంటుకుపోతోంది.

బాపురావు కాలు చాపి మంచం మీద కూర్చున్నాడు. "కుక్కనన్న పంపు, మమ్ములనన్న పంపు దాదా. రెండూ ఉండయి."

కబురు విని బండి మీద వచ్చిన శ్రావణ్, "రిమోట్ల కరెంటు నంబరు తక్కువ మీద ఉన్నది బావా. పెంచితే సెట్ అయితది" అన్నాడు.

ఎర్రన్న తల పట్టుకున్నాడు. "ఇన్ని దినాలు ఒక్కపారి నోరు తెరువలే. చెప్పినట్టు ఇన్నది. గిట్లెందుకు చేసిందో నాకు సమజైతలేదు."

మంచం దగ్గర నీళ్ల చెంబు పెట్టి భాగ్యలక్ష్మి లేచి నిలబడింది.

"మొరగొద్దని నేర్పినవ్. కరవొద్దని ఎప్పుడు నేర్పినవ్?"