హంసవిలాస్‌లో ఆఖరి వేసవి

రెండువేల మూడో సంవత్సరం వేసవిలో గుంటూరు మీద నిప్పులు కురిశాయి. పొద్దెక్కకముందే రోడ్లు ఖాళీ అయ్యేవి. గాలి వీస్తే మిరప ఘాటు, వీయకపోతే ఉక్క. ఆ రోజుల్లో ఊళ్ళో చల్లగా ఉన్న చోటు మూతపడిన హంసవిలాస్ హోటలు. ఆ సంగతి తెలిసినవాడు దాని మేనేజరు అంకమ్మరావు ఒక్కడే.

హోటలు అమ్ముడుపోయింది. వానలు పడగానే కొన్నవాళ్ళు పడగొడతారు. అందాకా తాళాలు అంకమ్మరావు దగ్గరే. పెళ్ళికాక ముందు పెదకాకాని నుంచి వచ్చి గుమాస్తాగా చేరినవాడు, జుట్టు నెరిసేదాకా అక్కడే ఉండిపోయాడు. భార్య పోయాక కింది అంతస్తులో మూలగదే ఇల్లయింది. మధ్యాహ్నాలు డాన్సు హాల్లో కూర్చుని, కిటికీల రంగుటద్దాల్లోంచి పడిన నీలాలూ పసుపులూ గచ్చు మీద మెల్లగా జరిగిపోవడం చూస్తుండేవాడు. మూరెడు మందాన కట్టిన గోడలు ఎండను లోపలికి రానిచ్చేవి కావు.

ఒకనాడు వీధితలుపు మీద ఎవరో దబదబా బాదారు. తీసి చూస్తే మెట్ల మీద ఒకామె స్పృహ లేకుండా పడి ఉంది. రిక్షా తొక్కే సైదా ఆమెకు తువ్వాలుతో విసురుతున్నాడు.

"మిరపకాయల తొడిమలు తీసే కాడ కళ్ళు తిరిగినియ్యంటండి. ఆస్పత్రికి తీసుకెళ్తంటే దార్లోనే వాలిపోయింది. కాసిని నీళ్ళియ్యండయ్యా!"

ఆ గుమ్మంలో నిలబడి, లోపలికి రాదగనివాళ్ళను బయటే ఆపెయ్యడం అంకమ్మరావు ఇన్నేళ్ళూ చేసిన ఉద్యోగం. చెప్పులు చూసి మనిషిని పోల్చేవాడు. ఆవేళ మాత్రం దేనివంకా చూడలేదు. "నీళ్ళేం సరిపోతాయిరా, లోపలికి పట్టు," అన్నాడు.

ఇద్దరూ కలిసి ఆమెను డాన్సు హాల్లో చల్లటి గచ్చు మీద పడుకోబెట్టారు. ఉప్పేసిన మజ్జిగ గుక్కగుక్కగా పట్టగా పట్టగా ఆమె కళ్ళు తెరిచింది. పైకప్పు నిండా సున్నంతో తీర్చిన పూలతీగలు. వాటివంక చాలాసేపు చూసి, "ఇది ఏ ఊరండీ?" అని అడిగింది.

"గుంటూరేనమ్మా," అన్నాడు అంకమ్మరావు.

ఆమె పేరు మల్లేశ్వరి. మర్నాడు తనతో పనిచేసే ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. "ఎండ చల్లబడిందాకా నడుం వాల్చిపోతామండీ. దేన్నీ ముట్టుకోం," అంది. సైదా తోటి రిక్షావాళ్ళను తెచ్చాడు. ఆపైన ఎవరు ఎవరిని తెచ్చారో తెలియదు గానీ, హాలు నిండిపోయింది. ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు, మధ్యలో పసిపిల్లలు. నిద్రపోతున్న వాళ్ళ ముఖాల మీదుగా రంగుల వెలుతురు నడిచిపోయేది.

నిద్ర పట్టనివాళ్ళ కోసం అంకమ్మరావు హోటలు కథ చెప్పడం మొదలుపెట్టాడు. దాన్ని కట్టించింది పొగాకు వ్యాపారి వెంకటనారాయణ గారు. మద్రాసులో పంచె కట్టుకున్నవాళ్ళకు ప్రవేశం లేదంటూ ఆయన్ని ఒక హోటలు మెట్ల మీదే ఆపేశారట. అంతకు మించినది మా ఊళ్ళో కడతానని ఆయన ఆ సాయంత్రమే రైలెక్కేశాడట.

"మరి మమ్మల్ని మీ మెట్లు కూడా ఎక్కనిచ్చేవాళ్ళు కాదుగా?" అంది మల్లేశ్వరి పడుకునే.

ఆ మాటలో కోపం లేదు. "లేదమ్మా, ఎక్కనివ్వలేదు," అన్నాడు అంకమ్మరావు.

స్టేషను నుంచి పియానో రెండెడ్ల బండి మీద వచ్చిన సంగతి చెప్పాడు. తుపానుకు రైళ్ళు ఆగిపోయి, ఒక నాటకాలామె పైగదిలో వానాకాలమంతా ఉండిపోయిందనీ, పొద్దుగూకే వేళ వసారాలోకి వచ్చి పాడేదనీ చెప్పాడు.

"మా అమ్మమ్మ ఆ పాట విందంట," అంది మల్లేశ్వరి లేచి కూర్చుని. "వీధిలో తడుస్తా నిలబడి విందంట. ఈ హోటలు కట్టేటప్పుడు సున్నం మోసింది కూడా ఆవిడేనండీ."

గోడవారన పడుకున్న ముసలి యలమందయ్య గొంతు సవరించుకున్నాడు. "సున్నం గానుగ తోలింది మా నాయన. ఎద్దులు ఈడనే, ఇప్పుడు మనం పడుకున్న చోటే తిరిగేయంట."

అప్పటినుంచి కథ అంకమ్మరావు ఒక్కడిదే కాకుండా పోయింది. ఎవరికి తెలిసిన ముక్క వాళ్ళు కలిపారు. వింటూ వింటూ మాగన్నుగా కళ్ళు మూస్తే, ఎద్దుల మెడల గంటలు వినిపించేవి. తడి సున్నం వాసన వేసేది.

జూన్‌లో వెంకటనారాయణ గారి మనవడు, హోటలు అమ్మిన నాగచైతన్య హైదరాబాదు నుంచి కారులో దిగాడు. హాలు గుమ్మంలో నిర్ఘాంతపోయి నిలబడ్డాడు.

"ఏంటండీ అంకమ్మరావు గారూ ఇదంతా? కొన్నవాళ్ళు చూస్తే ఊరుకుంటారా? లోపల ఎవరికన్నా ఏమన్నా అయితే?"

"బయటుంటే అవుద్ది బాబూ. కొంచెం మెల్లగా మాట్లాడు, నిద్ర పోతన్నారు."

నాగచైతన్య లోపలికి తొంగి చూశాడు. అంతమంది ఒక్కసారిగా ఊపిరి పీల్చి వదులుతుంటే హాలే నిద్రపోతున్నట్టుంది. అతను గొంతు తగ్గించాడు.

"వానలు ఎప్పుడంటున్నారు?"

"రేపో మాపో అంటన్నారు."

"సరే, అప్పటిదాకా ఉండనివ్వండి," అని బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా బయటికి నడిచాడు.

తర్వాత కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి, ఉరిమి, ఒక్కసారిగా కురిసింది. అందరూ లేచి మెట్ల మీదికి పరుగెత్తి తడిశారు. వాన వెలిశాక ఆడవాళ్ళు హాలు తుడిచి, కిటికీలు మూసి, ఒక్కొక్కరే సెలవు తీసుకున్నారు. మల్లేశ్వరి ఆఖరున ఆగింది.

"మీరెక్కడికి పోతారండీ ఇంక?"

"మా చెల్లెలుందమ్మా, పెదకాకానిలో. రమ్మంటానే ఉంది."

"మాకందరికీ కథలు చెప్పి నిద్రపుచ్చారు గానీ, మీరిక్కడ ఒక్కపూటన్నా కునుకు తీసింది లేదు," అని నవ్వి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు తాళాలు అప్పగించాలి. మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. అంకమ్మరావు ఖాళీ హాల్లో కాసేపు అటూ ఇటూ తిరిగాడు. చొక్కా విప్పి మడిచి తలకింద పెట్టుకుని, జీవితంలో మొదటిసారి ఆ గచ్చు మీద వెల్లకిలా పడుకున్నాడు. వీపుకు చల్లగా తగిలింది. కళ్ళు మూతలు పడుతుంటే, సున్నం గంపలెత్తుకున్న ఆడవాళ్ళు వరసగా మెట్లెక్కి వస్తున్నారు. గుమ్మంలో వెంకటనారాయణ గారు పంచె కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని పక్కకు తప్పుకుని, వాళ్ళకు దారి ఇస్తున్నారు. అంకమ్మరావు వాళ్ళ ముఖాలు పోల్చుకునేలోగానే నిద్రలోకి జారిపోయాడు.