కరెంటు లేని పాఠం

దువ్విన తలనే మిడత మళ్లీ దువ్వుకుంటోంది.

"చాల్లేవే, ఉన్న నాలుగు వెంట్రుకలూ ఊడొచ్చేలా ఉన్నాయి," అంటూ పెద్దమ్మ ఆమె చేతిలోంచి దువ్వెన లాక్కుంది.

పెద్దమ్మ అక్కడ ఎవరికీ సొంత పెద్దమ్మ కాదు. తప్పుచేసి పట్టుబడిన ఆడపిల్లలను కోర్టు పంపే హోములో వార్డెను. కుదురుగా ఒక్కచోట కూర్చోదని ఆ పిల్లకు మిడత అని పేరు పెట్టిందీ ఆవిడే. అయితే హోములో ఫ్యాన్లు, మోటార్లు బాగుచేయడం నేర్పే క్లాసు పెట్టిన దగ్గర్నుంచి మిడత బల్ల ముందు కూర్చుంటే లేస్తే ఒట్టు.

ఆ రోజు ప్రాక్టికల్ పరీక్ష. అదీ హోములో కాదు, ఊళ్లోని శిక్షణ కేంద్రంలో, బయటి పిల్లలతో కలిసి. హోము నుంచి ఒకరు అలా వెళ్లడం ఇదే మొదలు. పాసైతే, వచ్చే నెల విడుదల కాగానే పనిలోకి తీసుకుంటానని మోటార్ల షాపు నడిపే ఒకావిడ మాటిచ్చింది. సర్టిఫికెట్ లేకుండా మాత్రం గడప తొక్కవద్దంది. తప్పితే మళ్లీ ఆ పాత సందు, ఆ పాత స్నేహాలు. ఆ సందులో ఏముందో మిడతకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

పెద్దమ్మ ఒంటిమీద యూనిఫాం లేదని వ్యాను దిగాక గానీ మిడత గమనించలేదు.

"నేను పైకి రాను. ఆ అరుగు మీద కూర్చుంటా. ఎవరన్నా అడిగితే మా పెద్దమ్మ అని చెప్పు. అబద్ధమేం కాదుగా?"

"మీరు పక్కన లేకపోతే నాకు కాళ్లాడవు."

"ఇవాళ ఆడాల్సింది చేతులు. నడు!"

మిడత రెండేసి మెట్లు ఎక్కేసింది. ఇంతమంది బయటి పిల్లల మధ్య తనూ ఒకతి! నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంది.

పైన గది తలుపు మూసి ఉంది.

మూసిన తలుపు ముందు ఏం చేయాలో మిడతకు బాగా తెలుసు. ఓ పక్కగా జరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. హోములో తలుపంటే తాళం ఉన్నవాళ్లదే. అన్నాల గదైనా, స్నానాల గదైనా, చివరికి క్లాసైనా అలా నిలబడితే ఎవరో వస్తారు, తీస్తారు. ఏడాదికి పైగా అదే అలవాటు.

ఎవరూ రాలేదు. లోపల బల్లల మీద స్క్రూలు రాలుతున్న చప్పుడు మొదలైంది. మిడత మెడ చాచి వరండా అటూ ఇటూ చూసింది. అప్పుడే మొదలెట్టేశారా? ఈ తాళాలవాళ్లు ఎక్కడ చచ్చారు?

చాలాసేపటికి, వరండా తుడుస్తూ వచ్చిన ముసలాయన చీపురు ఆపాడు. "ఎవరి కోసం బంగారూ?"

"తలుపు తీసేవాళ్ల కోసం తాతా."

"నీ చేతులకేమైంది? తాళమే లేదు దానికి. నెట్టు!"

మిడత నెట్టింది. తలుపు ఎంత తేలిగ్గా తెరుచుకుందంటే, ఆ ఊపుకు తనే తూలి గదిలో పడింది.

"ఇప్పుడా రావడం? తెల్లారిందా తల్లీ?" అన్నాడు పరీక్ష పెట్టే ఆయన.

"ఎప్పుడో వచ్చానండీ. బయటే నిలబడ్డాను. తీస్తారేమోనని..."

గదంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. ఆమె హాల్ టికెట్ మీద హోము పేరు చూసి, గబుక్కున దాన్ని బోర్లించి పెట్టాడు.

"టైము పొడిగించలేను, అది నా చేతిలో లేదు. సగం అయిపోయింది. అదిగో నీ టేబుల్ ఫ్యాను, తిరగట్లేదు. గంట కొట్టేలోగా తిరగాలి."

సగమే! పక్క బల్ల మీది అబ్బాయి ఫ్యాను ఊడదీసి, వైర్లన్నీ పేగుల్లా బయటికి లాగి, స్విచ్చి వేస్తూ తీస్తూ చెమటలు కక్కుతున్నాడు.

"ఆలస్యంగా వచ్చావు, స్విచ్చన్నా వేసి చూసుకో," అని గొణిగాడు.

మిడతకు ఆ ఆలోచనే రాలేదు. హోములో బల్లకు కరెంటు ఇచ్చే తాళంచెవి పెద్దమ్మ దగ్గర ఉంటుంది. క్లాసు చివర్లో తప్ప ఇవ్వదు. అందాకా మాస్టారు పిల్లలతో, 'చేత్తో వినండమ్మా, చేత్తో వినండి,' అంటూ ఉత్త మోటార్లనే తిప్పించేవాడు. మొదట్లో పిల్లలు ఆయన వెనక పడీపడీ నవ్వారు. తర్వాత నిజంగానే వినపడసాగింది.

రెక్కను వేలితో తోసింది. కదిలి, సగంలో ఆగింది. మళ్లీ తోసింది. అక్కడే ఆగింది. ఇరుసు పట్టేస్తోంది! వైర్ల జోలికి పోకుండా వెనక డొప్ప తీసి చూసింది. మోటారు మూతను బిగించే నాలుగు స్క్రూలలో ఒకటి పీక నొక్కినట్టు బిగుసుకుని ఉంది, దాని ఎదుటిది వదులు. మూత ఒరిగి ఇరుసును పట్టుకుంది.

"దొరికావురా దొంగా!" అంది పైకే. పక్కబ్బాయి ఉలిక్కిపడ్డాడు.

స్క్రూలన్నీ వదులు చేసింది. స్క్రూడ్రైవర్ పిడితో మూత చుట్టూ మెల్లగా తట్టింది, నిద్రపోయే పిల్లను జోకొట్టినట్టు. ఎదురెదురు స్క్రూలను కాస్త కాస్తగా బిగిస్తూ, బిగించిన ప్రతిసారీ వేలితో తిప్పి చూసింది. ఓ చుక్క నూనె. ఇంకోసారి తోసింది. రెక్క ఆగలేదు, తిరుగుతూనే ఉంది, వెన్నలా.

"సార్! కరెంటు ఇవ్వండి సార్!"

"నీ పక్కనే ఉందమ్మా స్విచ్చి."

నొక్కింది. ఫ్యాను రివ్వున లేచింది. ఆయన బల్ల మీది కాగితాలు గదంతా ఎగిరాయి.

"ఆపు, ఆపు! నమ్మాను!" అంటూ ఆయన కాగితాల వెంట పడ్డాడు. పక్కబ్బాయి ఈల వేశాడు. అప్పుడు కొట్టారు గంట.

హాల్ టికెట్ కాళ్లకింద దొరికింది. దాని మీద 'ప్రాక్టికల్ పాస్' అని రాసి సంతకం పెట్టి, "సర్టిఫికెట్ వచ్చేదాకా ఇదే చూపించు," అంటూ ఇచ్చాడు.

మిడత వరండా పిట్టగోడ మీంచి సగం కిందికి వేలాడింది. "పెద్దమ్మా! తిరిగింది! పాస్!"

"దిగవే కోతీ, పడి చస్తావు!" అని పెద్దమ్మ కింది నుంచి కసిరింది. కసిరి, మోకాళ్ల నొప్పులు మరిచిపోయి, వ్యాను వైపు పరుగు తీసింది. "డ్రైవరూ, విన్నావా? మా పిల్ల పాసైంది! ముందు ఆ మోటార్ల షాపుకి పోనీ, హోముకి తర్వాత!"