తెర మూల మీద ప్లాస్టరు

ఎంబ్రాయిడరీ దుకాణం ఆవిడకు కంప్యూటరే శత్రువైపోయింది. కుట్టుమిషను నడవాలంటే అందులోని పాత సిస్టమే దిక్కు. కొత్తది ఎక్కించారో, ఇక మిషను పలకదని అమ్మినవాడు ముందే హెచ్చరించాడు. అయినా తెర మూలన చెవిలో జోరీగలా అదే పోరు: "అప్‌గ్రేడ్ ఇప్పుడా, తర్వాతా?" అది కనబడ్డప్పుడల్లా కుట్టు ఆపి, "తర్వాత" నొక్కి రావాలి. పొరపాటున వేలు పక్కన పడితే బతుకుతెరువు గంగపాలే.

కంప్యూటర్లు బాగుచేసే మరిదికి ఫోన్ చేసింది. "దీని నోరు మూయించి పో నాయనా, నీకు పుణ్యముంటుంది!"

"సెట్టింగుల్లో చిటికెలో పని వదినా. తర్వాత వస్తాలే."

వాడూ తర్వాతే! ఒప్పుకున్న పనేమో రేపటి పెళ్లిది. పెళ్లికూతురి తెల్లపట్టు మీద తెల్లపూలు కుట్టాలి. ఒళ్లు మండి, గాయానికి వేసే ప్లాస్టరొకటి తెర మూలన అతికించేసింది. పీడ విరగడైందనుకుని, మిషను నడిపించి, లోపల లైనింగు కత్తిరించుకుంటూ కూర్చుంది.

మిషను చప్పుడు ఆగాక వచ్చి, గుడ్డను వెలుతురుకెత్తి చూసింది. పూలన్నీ ఉన్నాయి, దారమే లేదు. పట్టంతా సూది బెజ్జాలతో జల్లెడైపోయింది.

ప్లాస్టరు పీకింది. దారం తెగినా ఆ ముసలి మిషను ఆగదు, ఆ మూలనే చెబుతుంది. చెప్పింది కూడా: "దారం తెగింది." దాని కిందే, "ఇప్పుడా, తర్వాతా?"

గుమ్మంలో పెళ్లికూతురి తల్లి నవ్వుతూ నిలబడింది. "ఇప్పుడే ఇచ్చేస్తావా అమ్మా, తర్వాత రమ్మంటావా?"