ఐదో గడి

పారాసెయిలింగ్ షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునే ఆమెకి బోటువాళ్ళు ‘ఫారాలమ్మ’ అని పేరు పెట్టారు. పర్యాటక శాఖకి సర్వే చేసిపెట్టే కాంట్రాక్టు పని ఆమెది. గొడుగు కట్టుకుని సముద్రం మీద ఎగిరి వచ్చినవాళ్ళని రెండు వందల మందిని ఒకటే ప్రశ్న అడగాలి: ‘ఈ సాహస క్రీడకు మిమ్మల్ని ప్రేరేపించినది ఏమిటి?’ కింద ఐదు గడులు. ఉత్కంఠ, ప్రకృతి, స్నేహితులు, ఆత్మవిశ్వాసం. ఐదోది ఇతరములు.

మూడు వారాలుగా అడిగి అడిగి ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. కుర్రాళ్ళయితే చదవకుండానే అన్ని గడుల్లోనూ టిక్కులు కొట్టి, “ఒక ఫోటో తీస్తారా ఆంటీ?” అని ఫోను చేతిలో పెడతారు. ఒకాయన గొంతు తగ్గించి, “మా ఆవిడ వద్దంది, అందుకే ఎక్కా. పక్కనే ఉంది, పైకి చదవకండి” అన్నాడు. ఇంకొకామె, “పోయినేడు భయపడి దిగిపోయానండీ. మా తోడికోడలు ఏడాదంతా పొడుస్తూనే ఉంది” అంది. ఇవన్నీ ఏ గడిలో పడతాయి?

“దానికంత బుర్ర బద్దలుకొట్టుకోవడం ఎందుకే మరదలా?” అన్నాడు బోటు నడిపే బావ, తడి తాడు చుట్టుకుంటూ. “ఫోటో కోసం వస్తారు. రాసి పడెయ్.”

“ఫోటోకి గడి లేదు బావా.”

“అయితే ఆ గడులు గీసినాయన్ని ఒకసారి పంపించు. పైకి లేపుతా, ఆయనకే తెలుస్తుంది.”

ఆ మధ్యాహ్నం ఒకామె ఒంటరిగా వచ్చింది. యాభై దాటి ఉంటాయి. పైకి లేచినవాళ్ళంతా కేకలు పెడతారు, ఈమె మాత్రం కిక్కురుమనలేదు. నవ్వుతూ దిగింది. ఆమె లైఫ్ జాకెట్ ఇంకా విప్పకముందే ఫారాలమ్మ పెన్ను పట్టుకుని వెళ్ళి ఎదురుగా నిలబడింది.

“ఏమండీ, మిమ్మల్ని ప్రేరేపించినది...”

నవ్వు మొహం టక్కున ముడుచుకుంది. “దిగీ దిగకముందే మొదలెట్టారా?”

“ఒక్క నిమిషమేనండీ.”

“నేను బస్టాండులో ఎంక్వైరీ కిటికీ దగ్గర పనిచేస్తానమ్మా. ఇరవై రెండేళ్ళు. బస్సెప్పుడొస్తుంది, ఎందుకు రాలేదు, ఎక్కడాగుతుంది? ఇంటికెళ్తే నా సాక్సులేవి, కూరలో ఉప్పేది? ఆరు గంటలు ప్రయాణం చేసి ఇక్కడికెందుకొస్తానో తెలుసా? ఆ గొడుగు కింద ఎనిమిది నిమిషాలు నన్నెవరూ ఏమీ అడగరు. ఇది మూడోసారి రావడం. ఇవాళ కాలు నేలకి ఆనిందో లేదో, మీరు!”

ఫారాలమ్మకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె వెళ్ళిపోయాక, ఆ మాటల్ని ఉన్నదున్నట్టు ఐదో గడి పక్కన రాసింది.

మర్నాడు ఆఫీసులో సూపర్‌వైజరు ఫారాల కట్ట తిరగేసి మొహం చిట్లించాడు. “అరవై ఒక్కమంది ఇతరములా? ఆ గడి పైవాళ్ళు ఎత్తేశారమ్మా. కంప్యూటర్ తీసుకోదు.”

“వాళ్ళు చెప్పిందే రాశానండీ.”

“చెప్తారు, వాళ్ళకేం! మిగతా నాలుగింట్లో సర్దండి.”

“ఈ ఎంక్వైరీ ఆవిణ్ణి ఎందులో సర్దను?” అని చదివి వినిపించబోయింది.

“ప్రకృతిలో పెట్టెయ్యండి. ఆకాశం ప్రకృతే కదా!”

వరండా బల్ల మీద కూర్చుని, పళ్ళు నూరుకుంటూ టిక్కులు కొట్టింది. తోడికోడలు పొడిచినామెని ఆత్మవిశ్వాసంలోకి తోసింది. పెళ్ళాం వద్దన్నాయన్ని ఉత్కంఠలోకి నెట్టింది. చివరికి ఎంక్వైరీ ఆమె ఫారం మిగిలింది. పెన్ను కదల్లేదు. మడిచి చేతిసంచిలో పెట్టేసుకుంది.

“నూట తొంభై తొమ్మిదే ఉన్నాయి” అన్నాడు సూపర్‌వైజరు. “ఇంకొకర్ని అడిగి పట్టుకురండి.”

“అడగను.”

అంత గట్టిగా అంటానని ఆమే అనుకోలేదు. తర్వాతి సర్వే వేరే ఎవరికో వెళ్ళిపోయింది.

రెండు నెలల తర్వాత, అక్క ఇచ్చిన క్యారేజీ బావకి అందించడానికి తీరానికి వెళ్ళింది. షెడ్డు పక్కన కొత్త బోర్డు వెలిసింది. బావ పైకి చదివాడు: “సాహస యాత్రికుల్లో అత్యధికులు ఉత్కంఠ కోసమే వస్తున్నారని సర్వేలో వెల్లడి!” చదివి పడీపడీ నవ్వాడు. “నీ సర్వేనే కదే ఇది?”

ఆమెకి నవ్వు రాలేదు. ఆ అరవై టిక్కులూ సూపర్‌వైజరు కొట్టలేదు, తనే కొట్టింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక బావ మీదే విరుచుకుపడింది.

“నవ్వింది చాల్లే, వెళ్ళు. జనం ఎండలో నిలబడున్నారు.”