బదులు ఉపవాసం

ముప్పైయేడో చీర మడత విప్పుతుండగా సుభద్ర కడుపులో మొదటి మెలి పడింది.

ఎదుట పరుపు మీద పెళ్ళివారు పదకొండుమంది కూర్చున్నారు. పెళ్ళికూతురి మేనత్త వేలు చాపి, "అది కాదమ్మా, దానెనకాల నెమలికంఠం రంగుది తియ్యి," అంటున్నది. సుభద్ర చెయ్యి చీర కోసం పైకి సాగింది. మనసు మాత్రం లెక్క కట్టుకుంటున్నది. మొదటి మెలి పడ్డాక ఆపుకోగలిగేది ఆరు నిమిషాలు. నరసన్నపేట పెద్దవీధిలోని ఆ బట్టలకొట్టు నుంచి బస్టాండులో డబ్బులిచ్చి వెళ్ళే మరుగుదొడ్డికి నాలుగు నిమిషాల నడక. మిగిలిన ఆ రెండు నిమిషాల మీదనే ఆమె బ్రతుకు నిలిచి ఉన్నది.

ఆ కొట్టులో చీరలు చూపే ఆడవాళ్ళు ఆరుగురు. పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉండాలి. బేరానికొచ్చినవాళ్ళ ఎదుట కూర్చుంటే లక్ష్మికి అపచారమని కొట్టు యజమాని నగరేశ్వరరావు నియమం. వాళ్ళకని మరుగుదొడ్డి కట్టించాలన్న ఊహ మాత్రం ఆయనకు ఏనాడూ కలుగలేదు. అందుకే ఆరుగురూ పగలంతా దాహాన్ని మింగుకుని పనిచేస్తారు.

"లచ్చుమప్పా, కొంచెం నా బేరం సూడవా?" అన్నది సుభద్ర, పక్కనున్న లక్ష్మణమ్మతో.

"మళ్ళీనా? ఓలమ్మా, బస్టాండులో నీకు మొగుడుగానీ ఉన్నాడేటే?"

"ఉన్నాడప్పా. ఐదు రూపాయలిత్తేగాని తలుపు తియ్యడు."

లక్ష్మణమ్మ పకపకా నవ్వి, నెమలికంఠం చీర అందుకుంది. "ఎల్లు ఎల్లు. బేగొచ్చేయ్. సావుకారు సూత్తన్నాడు."

ఈ పరుగు మొదలై ఏడాది దాటింది. హుద్‌హుద్ తుపాను వెలిసిన నెలలోనే మొదటిసారి నెత్తురు కనిపించింది. అత్త గున్నమ్మ అది మొలలే అన్నది. మొలల వైద్యుడు మూడు నెలలు లేపనాలిచ్చాడు. చివరకు భర్త జగన్నాధం విశాఖ తీసుకుపోతే, అక్కడి డాక్టరు గొట్టం వేసి చూసి, పెద్దపేగు లోపలి పొర అంతా పుండై ఉన్నదని చెప్పాడు. రోజుకు రెండు మాత్రలు. మాత్ర ఇరవైయారు రూపాయలు. సుభద్ర జీతం నెలకు నాలుగువేల ఐదు వందలు. నెత్తురు తగ్గగానే రెండు మాత్రలు ఒకటయ్యాయి. నెత్తురు ఆగగానే ఆ ఒకటీ ఆగింది. జ్వరం తగ్గాక ఎవరు మందు మింగుతారు? ఆమె ఎరిగిన న్యాయం అది. నలభై రోజులకు రోగం రెట్టింపై తిరిగి వచ్చింది.

అప్పుడామెకు ఒక ఉపాయం తోచింది. తినకపోతే పరుగెత్తనక్కర లేదు. మధ్యాహ్నం గిన్నె విప్పలేదేమని లక్ష్మణమ్మ అడిగితే, "ఈయేళ సోమారం కదప్పా, ఉపాసం," అన్నది. మంగళవారం ఆంజనేయుడు, గురువారం సాయిబాబా, శుక్రవారం అమ్మవారు, శనివారం వెంకన్న. నోరు జారిన ఒక్క మాట దాదాపు వారమంతటికీ వ్రతమై కూర్చుంది. ఊరు ఆమెను భక్తురాలన్నది. గున్నమ్మ వీధి అరుగు మీద కోడలి నిష్ఠను చెప్పుకుని మురిసింది. చిక్కిపోతున్న ఒంటిని చూసి తపస్సన్నారే గాని, ఒక్కరూ రోగమనలేదు. ఏభైనాలుగు కిలోల మనిషి నలభైయొకటికి దిగింది.

ఆరు రోజుల క్రితం డాక్టరు నెత్తురు పరీక్ష కాగితం చూసి నిదానంగా చెప్పాడు: పస్తుంటే పుండు ఆరదు, పుండును మాన్పవలసిన నెత్తురే హరించిపోతుంది. ఇది మధుమేహం వంటిది. పూర్తిగా పోదు, అణిగి ఉంటుంది. నెత్తురు కనబడకపోయినా మాత్ర ఆపరాదు. నొప్పి బిళ్ళలు సొంతంగా మింగరాదు. మెత్తని అన్నం, పెరుగు, కొద్దికొద్దిగా పలుమార్లు తినాలి. ఇంకొక నెల ఇలాగే గడిపితే పేగు కోసి తీసివేయవలసి రావచ్చు.

ఆనాటి నుంచి సుభద్ర రెండు మాత్రలూ వేసుకుంటున్నది. తెల్లవారకముందే, అత్త లేవకముందే, పొయ్యి వెనుక కూర్చుని పెరుగన్నం దొంగలా తింటున్నది.

బస్టాండు నుంచి ఆమె తిరిగి వచ్చేసరికి లోపలి మెట్ల మీదుగా యజమాని భార్య పార్వతీదేవి కిందికి దిగింది. కొట్టు పైనే వాళ్ళ ఇల్లు. ఆమె చేతిలోని పళ్ళెంలో పసుపు, కుంకుమ, ఎర్రంచు పట్టుచీర ఉన్నాయి. కొట్టంతా అటు తిరిగింది.

"సుబద్రా, ఇలా రా తల్లీ. కొత్త అంతస్తు కార్తీక పౌర్ణమికి తెరుస్తన్నాం గదా. పంచమి నుంచి పదకొండు రోజులు నిరాహారముంటానని మొక్కుకున్నాను. తీర్తం, ఒక పండు, అంతే. ఉండవలసిందాన్ని నేనే. ఏం చెయ్యను, ఈ సుగరొకటి! పొద్దున్నే మాత్రేసుకుని రెండిడ్డెన్లు తినకపోతే కళ్ళు తిరుగుతాయి. రోగమున్నవాళ్ళకి నియమం లేదని శాస్త్రమే సెప్పింది. నా పేరున భక్తిగల మనిషి ఉంటే ఫలం నాకే వస్తాదన్నారు పంతులుగారు."

గల్లాపెట్టె దగ్గరి నుంచి నగరేశ్వరరావు నవ్వాడు. "ఒప్పుకోవే. పైనెల నుంచి ఐదొందలు పెంచుతాను. ఈ అదృష్టం ఎవరికొస్తాది?"

ఐదు వందలంటే పది రోజుల మాత్రలు. పది రోజుల మందు కోసం పదకొండు రోజుల పస్తు. పార్వతీదేవి బొట్టు పెట్టబోయి వేలు కుంకుమలో ముంచింది. సుభద్ర ఒక అడుగు వెనక్కు వేసింది.

"నానుండలేనమ్మా."

"ఏటి? ఆరు నెలలుగా వారమంతా ఉంటన్నావు గదే!"

"అది ఉపాసం కాదమ్మా, బయం. తింటే బస్టాండుకి పరిగెత్తాలని తిన్నేదు. నా పేగులో పుండున్నాది. నెత్తురు పోతాది. దేవుడి పేరు సెప్పి దాసుకున్నాను. ఆ తప్పు నాది." ఆమె కుంకుమ అంటిన ఆ వేలి వైపు చూసింది. "మీకు సుగరు, నాకిది. మీకు లేని నియమం నాకేల అమ్మా?"

పెళ్ళివారిలో ఎవరో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు. పార్వతీదేవి పళ్ళేన్ని గుండెలకు హత్తుకుంది. "ఓలమ్మో, అంటుకుంటాదేటే?"

"అంటుకోదమ్మా. డాక్టరు సెప్పినాడు."

నగరేశ్వరరావు నవ్వడం మానాడు. "అంటుకోకపోతే పోనీ. సుబమాని బట్టలు కొనుక్కెళ్తారు, ఆ చెయ్యి వాటిమీద పడకూడదు. రేపట్నించి ఇంటికాడ ఉండు. కార్తీకం ఎల్లాక సూద్దాం."

చూద్దామన్న మాటకు ఆ కొట్టులో అర్థం ఏమిటో ఆరుగురికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే కడుపులో మెలి తిరిగింది. ఈసారి ఆరు నిమిషాల గడువు లేదు. సుభద్ర వీధి వైపు చూసింది, పెళ్ళివారి వైపు చూసింది. మరుక్షణం పార్వతీదేవి పక్కగా తప్పుకుని లోపలి మెట్లెక్కసాగింది.

"ఒలే, పైకెక్కకు! అది మడి ఇల్లే!" అని పార్వతీదేవి కేకవేసింది.

నగరేశ్వరరావు గల్లాపెట్టె వదిలి లేచాడు. అంతవరకూ చీర చేతపట్టి నిలుచున్న లక్ష్మణమ్మ దానిని నేలమీద వదిలి, మొదటి మెట్టు మీద అడ్డంగా నిలబడింది. "మేమూ పొద్దున్నించీ ఆపుకునే ఉన్నాం, బాబూ," అన్నది.

పైన సుభద్ర మరుగుదొడ్డి తలుపు మూసి గడియ పెట్టింది. తెల్లని నేల, నిండా నీళ్ళున్న తొట్టి. నెత్తురు పోయింది, నిన్నటికంటె తక్కువేమీ కాదు. ఒళ్ళంతా చెమట పట్టింది. గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది.

మెట్ల మీద అడుగుల చప్పుడు పైకి వచ్చింది. ఎవరివో, ఎందరివో తెలియలేదు. తలుపు మీద దబదబ గుద్దారు.

"లోపల మనిసున్నాది," అన్నది సుభద్ర, గొంతు తగ్గించకుండా. లేవడానికి తొందరపడలేదు.